బేరం మరిచిన నర్సన్న

నర్సన్న కన్నుమూశాడు. ఈ దుర్వార్తను నాకు చేరవేసింది ఆయన బంధువులెవరూ కాదు, రాంగోపాల్‌పేటలో మోటారు షోరూము నడిపే కిషన్ సేటు. మా రైల్వే ఆఫీసు గుమ్మంలో నిలబడి, "నీ దోస్తు పోయిండయ్యా" అన్నాడు. అని, అక్కడే కూలబడి ఏడ్చాడు. ఏళ్ల తరబడి తన లాభానికి గండికొట్టిన మనిషి కోసం ఒక వర్తకుడు ఇలా విలపించడం లోకంలో ఎక్కడైనా ఉంటుందా? నర్సన్న విషయంలో ఉంటుంది!

దివంగత వెంకటనర్సయ్యగారు ఆఫీసులో నాకు పై గుమాస్తా, బయట అన్న, అందుకే నర్సన్న. నిజాం మీద పోలీసు చర్య ముగిసి, జనంలో భయం తగ్గి, రాకపోకలు మళ్లీ మొదలైన రోజుల్లో మన సికింద్రాబాద్ డాక్టర్లకూ వకీళ్లకూ కార్ల మోజు పట్టుకుంది. కొనదలచినవాడల్లా ముందు నర్సన్న ఇంటికే వచ్చేవాడు. ఆయనకు సొంత బండి లేదు, దళారీ సొమ్ము పుచ్చుకునే అలవాటు అంతకన్నా లేదు. బేరమాడటమే ఆయనకు పరమానందం.

ఆ విద్యను ఎలా వర్ణించను! షోరూములో అడుగుపెట్టాక కారు వైపు చూసేవాడే కాదు. సేటు పిల్లల చదువులు అడిగేవాడు, చాయ్ తెప్పించుకునేవాడు, చెప్పిన ధర నిజాం హాలీ రూపాయల్లోనా, భారత ప్రభుత్వపు కల్దారుల్లోనా అని నింపాదిగా తేల్చుకునేవాడు. ఆపైన చెప్పులు తొడుక్కుని లేచేవాడు. సేటు వీధి దాకా వెంటబడి ధర దించేవాడు. మనం పొంగిపోయి సంతకానికి సిద్ధపడితే మాత్రం కళ్లెర్రజేసేవాడు. కిస్తుల కాగితం వాక్యం వాక్యం చదివించి, నెల తప్పితే ఏమవుతుందో కొనేవాడి నోటితోనే చెప్పించేవాడు. "ఆఖరు కిస్తు కట్టేదాంక బండి వాళ్లది, నువ్వు ఉత్త డ్రైవర్‌వి. ఇంట్ల ఆడోళ్లకు సుత చెప్పినంకనే సంతకం పెట్టు" అనేవాడు. అర్థం కానివాణ్ణి నిర్దాక్షిణ్యంగా ఇంటికి పంపేసేవాడు. నన్నూ ఒకసారి పంపాడు, నాకు ఒళ్లు మండిపోయింది కూడా.

అటువంటి మహానుభావుడు ఒకనాడు నా దగ్గరికొచ్చి, తనకే కారు కావాలనీ, బేరం నేనాడాలనీ అడిగాడు. వేళాకోళమేమో అనుకున్నాను. కాదు. వదిన సత్తెమ్మగారికి ఏళ్ల కిందట జ్వరం తగిలి కాళ్లు బిగుసుకుపోయాయి. మోకాళ్లు వంగవు, రిక్షా ఎక్కించలేరు. పోలీసు చర్యకు ముందునుంచీ ఆమె తమ గల్లీ దాటనేలేదు. ఆమెకు మళ్లీ నాలుగు వీధులు చూపించాలన్నదే ఆయన తపన. "నా మొఖం మీద నాకు భరోసా లేదు తమ్మీ, నువ్వే మాట్లాడు" అన్నాడు.

ఆ భరోసా లేకపోవడం ఎంత నిజమో వెంటనే తెలిసొచ్చింది. షోరూములో ఓ నల్ల కారు వెనక తలుపు తీసి, సీటు మీద అడ్డంగా కూర్చుని, అచ్చం వదినలా కాళ్లు బారజాపి చూశాడు. ఇమిడాయి. ఇంకేముంది, పకపకా నవ్వేశాడు! నేను దగ్గాను, సైగ చేశాను, చెప్పులు కూడా తొడుక్కున్నాను. "పోవుడు లేదు తమ్మీ. గిదే కావాలె" అన్నాడు సేటు ఎదుటే. నా బేరం గంగలో కలిసింది.

అసలు గండం ఆ తర్వాత వచ్చింది. ఉద్యోగ విరమణ దగ్గరపడిన మనిషికి కిస్తుల మీద బండి ఇవ్వలేమని, ఆస్తిపరుడెవరైనా జామీను నిలవాలని ఫైనాన్సు కంపెనీ ఏజెంటు కాగితం మడిచేశాడు. నర్సన్న ముఖం పాలిపోయింది. కారు తలుపు మీంచి మెల్లగా చెయ్యి తీశాడు. అప్పుడు కిషన్ సేటు ఆ కాగితం లాక్కుని తానే జామీను సంతకం చేశాడు. ఏజెంటు తెల్లబోయి చూస్తుంటే, "ఈయన తోల్కొచ్చినోళ్లల్ల ఒక్కడు సుత కిస్తు ఎగ్గొట్టలే. ఈయనకు కాకుంటే ఎవరికి నిలవడాలె?" అన్నాడు. ఒక మనిషి శీలానికి ఇంతకు మించిన ప్రశంసాపత్రం నేనెరుగను.

ఆ ఆదివారమే బొల్లారం దాకా వెళ్లాం. బండి తోలడం వచ్చింది నాకే కనుక నేను నడిపాను. వెనక సీట్లో కాళ్లు జాపుకుని వదిన, దారి పొడవునా కళ్లార్పకుండా చూస్తూ, "ఎంత తక్కువ జేయించిన్రు?" అని అడిగింది. నర్సన్న బయటికి చూస్తూ, అణా కూడా తగ్గలేదని ఒప్పుకున్నాడు. అన్నేళ్లుగా ఆయన విజయగాథలే విన్న ఆ ఇల్లాలు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆయనా నవ్వాడు. ఓడిపోయి అంత సంబరపడిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

కిస్తులన్నీ తీర్చే వెళ్లాడు. కర్మకాండ ముగిశాక సేటు నర్సన్న ఇంటికొచ్చి, కారు అమ్మదలిస్తే మంచి ధరకు తానే తీసుకుంటానన్నాడు. పాపం, సహాయం చేద్దామనే అన్నాడు. వదిన నా వైపు తిరిగింది.

"ఎట్ల అమ్మాలె తమ్మీ? సేటుతోని బేరమాడేటోడేడి?"

ఆ చోటు నింపడం నా వల్ల కాదు, నర్సన్నా. నీ పాదాలకు నమస్కారం.