మన యాసలో మాట్లాడిన దొంగ

ముందే చెప్పేస్తున్నాను, నా మాటలకి తూకం ఉండదు. చీమని చూసి ఏనుగని అనను గాని, దానికో చిన్న తొండమైనా తగిలించందే వదలను. అది గుర్తుపెట్టుకునే చదవండి. ఆ రోజుల్లో, అంటే ఫోన్లకి ఓటీపీలు కొత్తగా రావడం మొదలైన రోజుల్లో, మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో రహస్యమనే సరుకే దొరికేది కాదు. ఒక క్వార్టర్‌లో తాలింపు వేస్తే నాలుగు లైన్ల అవతల తుమ్మేవారు (ఒకసారి పక్క స్టేషన్ హిజ్లీలో కూడా తుమ్మారని వినికిడి). ఇంటి తలుపుకి మూడు తాళాలు వేసేవాళ్ళే ఏటీఎం పిన్ను మాత్రం పాలవాడికీ, తోడు వచ్చిన పక్కింటాయనకీ, వెనక క్యూలో నిలబడ్డవాళ్ళకీ వినపడేలా చెప్పుకునేవారు.

నేను వర్క్‌షాపులో కొత్తగా చేరాను. మా షాపులో ఒక ఫిట్టరుకి బ్యాంకు నుంచంటూ ఫోనొస్తే, పాపం, అడిగినవన్నీ చెప్పేసి, కూతురి చదువుకి దాచినదంతా పోగొట్టుకున్నాడు. దాంతో మా ఫోర్‌మన్ బాబాయ్ (చుట్టరికం ఏమీ లేదు, మీసం తెల్లబడితే మా కాలనీలో బాబాయే) వచ్చే ఆదివారానికి తెలుగు సంఘం హాల్లో మీటింగ్ ఖాయం చేసి, ముందుగా నన్ను పిలిచాడు. "ఊరికే జాగర్త జాగర్త అంటే ఎవుడింటాడ్రా? మనోల్లలోనే ఒకల్ని బోల్తా కొట్టించి, పేరెట్టి సెప్పాల. అప్పుడు గాని బయం రాదు" అన్నాడు. నేను వెంటనే మా పక్క లైన్ పిన్ని పేరు చెప్పాను. మహిళా సంఘానికి పెద్ద. కుళాయి దగ్గర తగువొస్తే తీర్పు ఆవిడదే. బ్రహ్మచారినని నాకు జ్వరమొస్తే గిన్నెడు చారు పంపేది. ఆవిడ పడదని నా ధీమా. "పడితే?" అన్నాడు బాబాయ్. "పడితే పేరు చెప్పాల్సిందే" అన్నాను. పేరు బయటికొస్తే ఆవిడ మళ్ళీ ఆ కుళాయి దగ్గర తలెత్తలేదని నాకు తెలుసు.

ఏర్పాటు ఇదీ. బాబాయ్ ఒక ఫోన్లోంచి ఆరంకెల మెసేజ్ పంపుతాడు. ఇంకో ఫోన్లోంచి మేం అడుగుతాం. ఆవిడ ఆ అంకెలు చదివి వినిపిస్తే మునిగినట్టు. ముందు బాబాయ్ గొంతు సవరించుకుని, హిందీలో బ్యాంకు మేనేజరయ్యాడు. "మేనేజర్ హో తో బ్యాంక్ మే బైఠో, మేరా కాన్ మే కాయ్‌కో బైఠా హై?" అని పెట్టేసింది (మేనేజరైతే బ్యాంకులో కూర్చోక నా చెవిలో ఎందుకు కూర్చున్నావని). తర్వాత టీ కొట్టు దాదా బెంగాలీలో ప్రయత్నించాడు. అదే భాషలో అతని ముత్తాత దాకా పలకరించింది. అతను ఆ పూట టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయాడు.

ఇక నా వంతు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, మా నాయనమ్మ యాస అరువు తెచ్చుకున్నాను. "అమ్మా, బేంకు నుంచి మాటాడతన్నానండి."

"ఓలమ్మ, మన తెలుగోడివేటి? ఏ వూరు బాబూ మీది?"

"నరసన్నపేట దగ్గిరమ్మా."

"ఎవరి తాలూకు?"

అక్కణ్ణుంచి దొంగ నేను, పోలీసు ఆవిడ. నాన్న పేరడిగింది, చెప్పాను. ఉద్యోగమెక్కడంది, చెప్పాను. ఏ గదంది, ఏం తింటున్నావంది, చెప్పాను. చివరికి అంకెలు చదవమంటే "నాకేటి కనపడతాయి నాయినా, ముందు నీ కార్డు నంబరు సెప్పు" అంది. జేబులోంచి తీసి చదివాను కూడా. "సరే, ఇక రుమాలు తీసి మాటాడు. సాయంత్రం నా సారుగిన్నె అట్టుకురా" అని ఫోను పెట్టేసింది.

ఆదివారం మైకులో ఇదే చెప్పాను. హాలు ఎంత నవ్విందంటే ప్లాట్‌ఫాం మీద కూలీలు రైలొచ్చిందనుకుని లేచారట. పిన్ని లేచి, "ఎవుడు ఫోన్ సేసినా ఆడి గురించి అడగండి, మీ గురించి సెప్పకండి. మన యాస మాటాడినంత మాత్రాన మనోడైపోడు. అంకెలడిగితే ఫోనెట్టేసి, బేంకుకి నడిచెల్లండి" అంది. ఆ వేళ నుంచి నా పేరు ఓటీపీ బాబు.

ఇంతకీ ఇందులో నేను కల్పించిందేమిటంటారా? తుమ్ములూ, కూలీలూ కాదు, అవి సగం నిజాలే. "ఎవరి తాలూకు" తర్వాత ఫోన్లో జరిగిందంతా కల్పన. నిజానికి ఆవిడ గొంతు మెత్తబడిపోయింది. "ఇన్నేల్లకి బేంకులో మన బాస మాటాడినోడు దొరికినాడు" అని, ఆ ఆరంకెలూ ఒక్కొక్కటే నిదానంగా చదివింది. నేను పొరబడతానేమోనని మళ్ళీ చదివింది. "రాసుకున్నావా బాబూ?" అని అడిగింది. మైకు ముందు ఆవిడ పేరు చెప్పాల్సొచ్చేసరికి ఆ మాటే చెవిలో వినపడి, కథ నా నోట్లోనే తిరగబడింది. ముందు వరసలో బాబాయ్ దగ్గి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పిన్ని నన్నే చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, అందరికంటే గట్టిగా నవ్వి, మాట్లాడ్డానికి లేచింది.

ఇప్పుడు నా మీసం కూడా తెల్లబడుతోంది. కుర్రాళ్ళు నన్నే బాబాయ్ అంటున్నారు. పిన్నికి ఫోన్ చేసి "నేనే పిన్నీ" అంటే, "నేనే అంటే? ఏ వూరు? ఎవరి తాలూకు? జొరమొస్తే నీకేటి పంపినాను?" అంటుంది. ఆ రుమాలు కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, బుద్ధిగా అన్నీ చెప్తాను. ఆవిడ మాత్రం తన గురించి ఒక్క ముక్క చెప్పదు.