ఆలస్యంగ వచ్చిన గొంతు

లైటర్ చేతిల పట్టుకొని స్టవ్ ముందు నిలబడ్డ. అప్పుడే అమ్మ చిక్కడపల్లి మార్కెట్ నుంచి వచ్చి తలుపు తీసింది. లోపల అడుగు పెడుతనే ఒక్క కేక పెట్టింది.

"ఆపు! ముట్టియ్యకు!"

కూరగాయల సంచి గడపల్నే పడేసి ఉరికొచ్చి నా చేతిల లైటర్ గుంజుకున్నది. స్టవ్ బంద్ చేసి, కిటికీలు, బాల్కనీ తలుపు అన్ని తెరిచింది. అమ్మ మార్కెట్‌కు పోయినంక స్టవ్ మీది పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం అట్లనే వస్తున్నది. నేను పక్క గదిలనే చదువుకుంటున్న. చాయ్ పెట్టుకుందామని లేచిన.

"ఇల్లంత గుప్పుమంటున్నది గదరా! నీకు వాసన రాలేదా?"

"రాలే."

"జలుబు చేసిందా?"

"కాదమ్మా. నాకు ఎప్పుడూ రాదు."

ఆ మాట బయటికి అనుడు అదే మొదటిసారి. వాసన అంటే ఏందో నాకు తెల్వదు. చిన్నప్పుడు అశోక్‌నగర్ మురుగు నాలా దాటేటప్పుడు అందరు ముక్కు మూసుకుంటుంటే నేనూ మూసుకునేటోన్ని. మల్లెపూలు ముక్కు దగ్గర పెడితే "అబ్బ" అనాలని చూసి నేర్చుకున్న. అందరూ నా లెక్కనే ఊరికే అంటున్నరని చాన్నాళ్లు అనుకున్న.

అమ్మ కుర్చీల కూలబడి నన్నే చూస్తున్నది. గ్యాస్‌కే అంత భయపడ్డదనుకున్న.

అప్పుడు నాకు ఇరవై ఒక్క ఏండ్లు. డిగ్రీ అయిపోయింది. రోజు అశోక్‌నగర్ల ఒక స్టడీ హాల్‌కు పోయి సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతున్న. నిజం చెప్పాలంటే నా భయం వాసన గురించి కాదు. నాకు గడ్డం రాలే, మీసం రాలే. గొంతు పదేండ్ల పిల్లగాని గొంతు. ఫోన్ ఎత్తితే అవతలోళ్లు "అమ్మా, సార్ ఉన్నరా?" అని అడిగేటోళ్లు. "లేరండి" అని అమ్మ లెక్కనే చెప్పి పెట్టేసేటోన్ని. స్టడీ హాల్‌ల ఎవరన్న పలకరిస్తే తలూపుడే తప్ప నోరు తెరిచేటోన్ని కాదు. ఎత్తు మాత్రం పెరుగుతనే ఉన్న. చేతులు, కాళ్లు పొడుగు సాగినయి. స్నానాల గదిల అద్దం దిక్కు చూడకుంటనే బయటికొచ్చేటోన్ని. ఎవరిని అడగాలె? ఏమని అడగాలె?

గ్యాస్ సంగతి తెలిసి నాన్న నన్ను నారాయణగూడల ముక్కు డాక్టర్ దగ్గరికి తోలిండు. అమ్మ తోడొచ్చింది. ఆ డాక్టర్ టార్చి పెట్టి ముక్కులు చూసిండు. ఏం లేదన్నడు. తర్వాత టార్చి పక్కన పెట్టి నా మొఖం చూసిండు.

"వయసెంత బాబూ?"

చెప్పిన. నా గొంతు విని పెన్ను కింద పెట్టిండు. "గడ్డం గీసుకుంటవా?" అని మెల్లగ అడిగిండు. నేను తల వంచుకున్న. ఆయన హార్మోన్ల డాక్టర్‌కు చీటీ రాసిచ్చిండు.

ఆ హార్మోన్ల డాక్టర్ పెద్దామె, నెమ్మదిగ మాట్లాడేది. అమ్మను బయట కూర్చోబెట్టి నన్ను పరీక్ష చేసింది. రక్తం తీపిచ్చింది, తలకు స్కానింగ్ రాసింది. ఆ స్కానింగ్ గొట్టంల పండుకొని ఆ టకటక చప్పుడు వింటుంటే నా తలల గడ్డ ఉన్నదనే ఖాయం చేసుకున్న. చచ్చిపోతనేమో అనుకున్న. అంతకంటె, చావకుంట ఇట్లనే ఉండిపోతనేమోనని భయమైంది.

రిపోర్టులు వచ్చినంక ఆమె ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"గడ్డ లేదు, భయపడకు. పిల్లలు పెద్దగయ్యేటప్పుడు మెదడు నుంచి ఒక కబురు కిందికి రావాలె. ఆ కబురు మొదలుపెట్టే కణాలు తల్లి కడుపుల ఉన్నప్పుడు ముక్కు దగ్గర పుడతయి. వాసన నరాల తొవ్వ పట్టుకొని మెదడులకు నడుచుకుంట పోతయి. నీకు ఆ తొవ్వ సరిగ పడలే. అందుకే వాసన తెల్వదు, ఆ కబురు కూడ రాలే. కింద ఉన్న వృషణాలు చెడిపోలే. లేపేటోళ్లు లేక నిద్రపోతున్నయి."

తర్వాత అమ్మ దిక్కు తిరిగింది. "మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్ల ఉండెనా?"

అమ్మ చేతిల రిపోర్టులు టేబుల్ మీద పెట్టింది. "మా అన్న" అన్నది. "ముషీరాబాద్‌ల ఉండేటోడు. గొంతు మారలే. గల్లీల పోరగాండ్లు ఎంబడిపడి ఏడిపించేటోళ్లు. పెండ్లి చేసుకోలే. యాభై దాటకుంటనే పోయిండు. వాసన సంగతి ఎవ్వరం అడగలే." నా దిక్కు చూడకుంటనే అన్నది, "వీనికి పదమూడేండ్లు వచ్చినకాడి నుంచి రోజు వీని గొంతే వింటున్న మేడం."

ఇంట్ల నేనొక్కన్నే భయపడుతున్న అనుకున్న. అమ్మ ఎనిమిదేండ్లుగ భయపడుతున్నది, నోరు తెరవకుంట.

ఇంజెక్షన్లు మొదలుపెట్టిన్రు. కొన్ని నెలలకు గొంతు పలిగి బొంగురుపోవుడు మొదలైంది. పైపెదవి మీద నూగు వచ్చింది. సంబురపడాలె గద? నాకు ఇంకో భయం పట్టుకున్నది. నారాయణగూడ చౌరస్తా బస్టాప్‌ల ఆడవాళ్ల మీదికి చూపు తనంతట తనే పోయేది. పక్కకు తిప్పుకుంటె మళ్ల పోయేది. ఇన్నేండ్లు లేని ఆలోచనలు తలల ముసురుకునేటియి. సుల్తాన్ బజార్ లాంటి జనం ఉండే జాగలకు పోవుడే బంద్ చేసిన.

ఒకరోజు నాన్న మామూలుగనే అడిగిండు, "స్టడీ హాల్‌కు ఎందుకు పోలేదురా?" అని. నేను అరిచిన. ఏమని అరిచిన్నో యాదికి లేదు గని, వచ్చిన గొంతు యాదికున్నది. బొంగురుగ, మందంగ, ఎవలిదో పరాయోని గొంతు. నాన్న ఒక అడుగు వెనక్కి వేసిండు. నన్ను చూసి ఎవరన్న భయపడ్డది అదే మొదటిసారి. గదిల తలుపేసుకొని మంచం అంచు గట్టిగ పట్టుకొని కూర్చున్న.

మరుసటి ఇంజెక్షన్‌కు పోయినప్పుడు డాక్టర్‌ను అడిగిన. "మేడం, ఇది నేనా, మందా?"

"మిగిలిన పోరగాండ్లకు ఇదే మందు లోపల తయారైతది, అంతే. ఒంటి మీద పనిచేసినట్టే మెదడు మీద కూడ పనిచేస్తది. వాళ్లు ఆరేడేండ్లు దానితోని కొట్లాడి నేర్చుకుంటరు. నీకు ఒక్కసారే మీద పడ్డది. మోతాదు జర తగ్గిస్త. కాని మీ నాన్న మీద అరిచింది మాత్రం మందు కాదు. అది నువ్వే సంభాళించుకోవాలె."

సంభాళించుకున్న, మెల్లమెల్లగ. సర్కారు నౌకరీ రాలే గని ఒక ప్రైవేట్ ఆఫీసుల లెక్కలు రాసే పని దొరికింది. సంబంధాలు చూసుడు మొదలైనప్పుడు అమ్మ "ఏం చెప్పొద్దు" అన్నది. నాకు చెప్పకుంట ఉండుడే ఎక్కువ భయమైంది.

ఒక స్కూల్ టీచర్‌తోని మాట కుదిరింది. ఆమెను నారాయణగూడల ఒక హోటల్‌కు రమ్మన్న. చాయ్ చల్లారిపోయేదాక మొత్తం చెప్పిన. పిల్లలు పుడతరో లేదో తెల్వదని కూడ.

"మీ ఇంటోళ్లు చెప్పమన్నరా?" అని అడిగింది.

"వద్దన్నరు."

ఆమె బ్యాగు తీసుకొని బయటికి పోయింది. ఆ తర్వాత ఫోన్ లేదు. అయిపోయిందనుకున్న. ఆమె ఎవరికన్న చెప్తె చిక్కడపల్లి మొత్తం తెలిసిపోతదని అన్నం సయించలే. ఒక సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"మీ డాక్టర్ దగ్గరికి నన్ను కూడ తీసుకపోతరా? నేను అడగాల్సినయి ఉన్నయి."

ఆమెతోనే పెండ్లైనంక పాత ఇంజెక్షన్ ఆపి, పిల్లల కోసం వేరేవి రాసిచ్చిన్రు. నా కడుపు మీద పొడిచేటియి. నా భార్యే వేసేది. ఏడాది దాటినా ఏం లేదు. ప్రతిసారి పరీక్ష ఫలితం వచ్చే రోజు ఆ కాయితం నా భార్యనే చూడమనేటోన్ని. చివరికి ఆమె నెల తప్పింది. ఆడపిల్ల పుట్టింది.

బిడ్డకు ఏ ఇబ్బంది ఉండదన్నది డాక్టర్. కాని మా ఇంట్ల ఇది అమ్మల నుంచి కొడుకులకు దిగుతున్నది. నా నుంచి బిడ్డకు పోయే ఉంటదట. రేపు బిడ్డకు కొడుకులు పుడితే రావచ్చు, రాకపోవచ్చు. ఇంటికొచ్చేదాక ఆటోల బిడ్డను నా ఒడిలనే పట్టుకున్న. భయం నన్ను విడిచి బిడ్డ మీదికి పోయినట్టనిపించింది.

ఇంట్ల నా భార్య ఆ మాటే అమ్మకు చెప్పింది. అమ్మ పిల్లను భుజం మీద వేసుకొని చాలాసేపు అటూ ఇటూ నడిచింది.

"ఈసారి దాచిపెట్టొద్దు అత్తమ్మా" అన్నది నా భార్య.

"దాచిపెట్ట" అన్నది అమ్మ. "పెద్దగైనంక నేనే చెప్త. మా అన్న సంగతి మొదలుకొని చెప్త. అప్పటిదాక నేనుంటె."