మావయ్యగారు నడిచి చూసిన ప్లాను

మా మావయ్యగారికి ఇంటి ప్లాను చూపించడంలో ఉన్న ఇబ్బంది ఒక్కటే. ఆయనకి కనిపించదు.

నీటికాసులు. చూపు ఒక్కసారిగా పోలేదు. అంచుల నుంచి లోపలికి నెమ్మదిగా మూసుకుంటూ వచ్చింది. ఆ వ్యవధిలో ఆయన ఇల్లంతా చేతులతో కంఠతా పట్టేసేరు. ముక్తేశ్వరంలో ఆ పెంకుటింట్లోనే ఆయన పుట్టేరు. ఏ గుమ్మం దగ్గర తల వంచాలో, ఏ స్తంభం దగ్గర పక్కకి తిరగాలో ఆయన ఒంటికే తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయనకి చూపు లేదని కనిపెట్టడానికి కాఫీ తాగేంత సేపు పట్టేది. కొంతమంది రెండో కాఫీ కూడా తాగి, కనిపెట్టకుండానే వెళ్ళిపోయేవారు.

నేను ఆ ఇంటి అల్లుణ్ణి. అమలాపురంలో ఒక కాలేజీలో కామర్సు చెప్తాను. పెళ్ళయిన కొత్తలో, అద్దె ఇల్లు దొరికేదాకా అని ఇక్కడ దిగేం. ఇంకా వెతుకుతున్నాం.

ఆ ఇంటి దూలాలకి చెద పట్టింది. చిన్న వానకి గిన్నెలు పెట్టేవాళ్ళం, పెద్ద వానకి మంచాలు జరిపేవాళ్ళం. ఆఖరికి మేస్త్రిగారిని పిలిస్తే, ఆయన దూలంలోకి ఉలి గుచ్చి చూసేరు. మినపరొట్టెలోకి దిగినట్టు దిగింది.

"ఇది బలం మీద నిలబడలేదండీ. అలవాటు మీద నిలబడింది" అన్నారు.

మావయ్యగారు అరుగు మీద కూర్చుని అంతా విన్నారు. పడగొట్టడానికి అంత తేలిగ్గా ఒప్పుకుంటారని మేం అనుకోలేదు. ఒప్పుకుని, ఒక్క మాట అన్నారు.

"మీరూ అమ్మాయీ ఎలా కట్టుకుంటారో కట్టుకోండి అల్లుడుగారూ. అద్దాలు పెట్టుకుంటారో, ఆ అద్దాల్లో చేపలే పెంచుకుంటారో మీ ఇష్టం. కానీ నా మంచం దగ్గర్నించి పెరట్లోకి నేనొక్కణ్ణే వెళ్ళాలి. ఎవళ్ళూ చెయ్యి పట్టుకోకూడదు. ఇంకోళ్ళు జరిపితే జరిగేది సామానండీ. నేను ఆ లెక్కలోకి రాను."

"ఆయ్" అన్నాను. మా ప్రాంతంలో సగం పనులు ఈ ఆయ్ దగ్గరే పూర్తయిపోతాయి.

అమలాపురంలో ప్లానులు గీసే ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళేం. మేం మార్పులు చెప్పేకొద్దీ ఆయన మర్యాద పెరుగుతూ వచ్చింది. "మాస్టారూ, ఇప్పుడు ఇళ్ళు గీసుకునే సాఫ్ట్‌వేర్లున్నాయండీ. చదువుకున్నవారు, మీకెంత పని? మీ మనసులో ఉన్నది మీరే గీసి తీసుకురండి, పిల్లర్లూ స్లాబూ నేను చూసుకుంటాను" అన్నారు. అంత గౌరవంగా నన్నెవరూ వదిలించుకోలేదు. ఆయనకి ఇప్పటికీ కనిపించినప్పుడల్లా నమస్కారం పెడతాను, మనస్ఫూర్తిగానే.

వేసవి సెలవులు. లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెరకి ఒక పక్క గీత గీస్తే, రెండో పక్క గోడ లేస్తుంది. మొదటిరోజు నేను కట్టిన ఇంటికి మెట్లు చక్కగా కుదిరేయి, కాకపోతే అవి పైకి వెళ్ళి గోడలో దిగబడ్డాయి. తలుపులకీ కిటికీలకీ బొమ్మలు సిద్ధంగా ఉంటాయి, ఎత్తి పెట్టుకోవడమే. చలి కాచుకునే పొయ్యిలు రకరకాలున్నాయి. అరుగు లేదు. దేవుడి గది లేదు. అరుగుని పొట్టి గోడ అని నమ్మించేను. దేవుడి గదిని బట్టల బీరువా అని చెప్పి కట్టేను. దేవుడు ఏమీ అనుకోలేదు. ఎత్తూ కొలతా తెలియడానికి ఒక మనిషి బొమ్మ పెట్టుకోవచ్చు. ఉన్నవాళ్ళలో మా మండలంవాడు ఒక్కడూ లేడు. నిక్కరూ నల్లకళ్ళద్దాలూ వేసుకున్న ఒకాయన్ని తెచ్చి హాల్లో నిలబెట్టేను. మా ఆవిడ అటుగా వచ్చినప్పుడల్లా "మీ చుట్టం ఇంకా కదల్లేదా? భోజనానికి ఉంటారా?" అని అడిగేది.

నన్ను చెడగొట్టింది ఆ హాలే. గోడ మీద నొక్కి డిలీట్ కొడితే గోడ మాయమైపోతుంది. దుమ్ము లేదు, కూలీ లేదు. ఒక గోడ తీసేను, వెలుతురు వచ్చింది. రెండోది తీసేను, గాలి కూడా వచ్చినట్టనిపించింది. మిగిలినవి తీసేసేక వీధి గుమ్మం నుంచి వంటింటి కిటికీ దాకా, ఆ కిటికీలోంచి కొబ్బరితోట దాకా అంతా తెరిపి. బాణం గుర్తులు నొక్కితే మనమే ఆ ఇంట్లో నడుస్తున్నట్టుంటుంది. ఆ వేసవిలో డాక్టరుగారు నన్ను నడవమన్న నడకంతా ఆ హాల్లోనే నడిచేను. బరువు తగ్గలేదు.

మా ఆవిడ చూసి "బాగుంది" అంది. వాళ్ళింట్లో అది పెద్ద బిరుదు. చిన్నప్పట్నించీ చీకటి వంటింట్లో మసలిన మనిషి, ఆ వెలుతురు చూసి లాప్‌టాప్ ముందు కాసేపు కూర్చుండిపోయింది. తరవాత అడిగింది.

"మరి నాన్నగారికెలా చూపిస్తారు?"

నోటితో చెప్పి చూసేను. "హాలు విశాలంగా ఉంటుందండీ మావయ్యగారూ."

"విశాలం అంటే?"

"అంటే, అడ్డంకులేమీ ఉండవండీ."

"ఊఁ" అన్నారు.

మా ఆవిడ ప్లాను ప్రింటు తీయించి, ఆయన వేలు పట్టుకుని గీతల మీద నడిపించింది. "ఇది మీ గది నాన్నగారూ. ఇది హాలు. ఇదిగో పెరడు."

ఆయన ఓపిగ్గా వేలు తిప్పించుకున్నారు. "కాగితం బాగా నున్నగా ఉందమ్మా" అన్నారు.

ఉపాయం ఆవిడదే. తోటలో కాయ ఒలుపు అప్పుడే అయింది. ఒలిచిన కొబ్బరి డొక్కలు గుట్టగా పడి ఉన్నాయి, ఇంకా పీచు మిల్లుకి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం టేపు పట్టుకుని, తోటలో ఖాళీ చూసి, ఇల్లు ఎంత ఉంటుందో అంత కొలతతో ప్లాను నేల మీద పరిచేం. డొక్కల వరస ఉంటే గోడ. వరసలో ఖాళీ ఉంటే గుమ్మం. తలుపు ఉన్నచోట ఒక కొబ్బరి మట్ట. దారిన పోతున్న మేస్త్రిగారు సైకిలు దిగి కాసేపు చూసేరు.

"శంకుస్థాపన అయిపోయిందాండీ? నాకు కబురు లేదే."

"గృహప్రవేశానికి పిలుస్తామండీ" అంది మా ఆవిడ.

మావయ్యగారు పంచె పైకి కట్టి, చెప్పులు విప్పి, తన గదిలోకి అడుగుపెట్టేరు. అరికాలితో డొక్కల్ని తడుముతూ చుట్టూ తిరిగేరు. మంచం ఎటో అడిగేరు. గుమ్మం దగ్గర కాలికి మట్ట తగిలింది.

"ఇదేవిటి?"

"తలుపండీ. లోపలికి తెరుచుకుంటుంది."

"మీరు తలుపు పూర్తిగా వెయ్యరు, పూర్తిగా తియ్యరు. సగం తీసిన తలుపు ఎప్పుడూ నా నుదుటి కోసమే ఎదురుచూస్తుంది. గోడవారగా పక్కకి జరిగే తలుపు పెట్టించండి."

ఆయ్ అన్నాను. ఆయన గుమ్మం దాటి హాల్లోకి వచ్చేరు.

నాలుగడుగులు బాగానే వేసేరు. చెయ్యి పక్కకి చాపేరు. ఏమీ తగల్లేదు. ఇంకొంచెం ముందుకి వచ్చి, కాలు చాపి, డొక్క కోసం వెతికేరు. అదీ తగల్లేదు. కాస్త కుడికి తిరిగేరు. మళ్ళీ ఎడమకి. ఆ తరవాత, నేను అంత గర్వపడ్డ హాలు నడిమధ్యలో ఆగిపోయేరు.

"పెరడు ఎటమ్మా?"

ఆయన నోట దారి అడగడం మేం ఎప్పుడూ వినలేదు. మా ఆవిడ డొక్కల గోడ దాటబోయింది. గాజుల చప్పుడు విని, "రాకమ్మా" అన్నారు. అది కసిరినట్టు లేదు, బతిమాలినట్టుంది. తరవాత నన్ను పిలిచేరు.

"అల్లుడుగారూ."

"ఆయ్."

"నన్ను నడి గోదాట్లో వదిలేసేరండీ. ఎటు చెయ్యి చాపినా ఒడ్డు తగల్లేదు."

నేను అడ్డంకులని తీసిపారేసినవన్నీ ఆయనకి ఒడ్లు. పాతిల్లు ఇరుకు కాబట్టే ఆయన అందులో దొరలా తిరిగేరు. ఎక్కడికక్కడ ఒక గోడో, స్తంభమో చేతికి అందేది. ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిచి, కళ్ళు మూసుకుని, బాణం గుర్తులు నొక్కుతూ నా గొప్ప హాల్లో పెరటి వైపు బయలుదేరేను. కళ్ళు తెరిచి చూస్తే వంటింటి గోడలోంచి దూరి తోటలో తేలేను. ఆ సౌకర్యం అసలు ఇంట్లో ఇవ్వడం కుదరదని మేస్త్రిగారు చెప్పేరు.

గోడలు తిరిగి పెట్టేను. తియ్యడం ఎంత తేలికో పెట్టడమూ అంతే తేలిక. ఆ సాఫ్ట్‌వేరుకి అందుకే రుణపడి ఉన్నాను. అదే సిమెంటుతో కట్టేసేక తెలిసి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలుచుకోలేదు. కానీ గోడలు వచ్చేసరికి వెలుతురు పోయింది. మా ఆవిడ చూసి, "పరవాలేదులెండి, నాకు చీకటి వంటిల్లు అలవాటే" అంది. ఆ మాట మావయ్యగారి చెవిన పడింది.

"ఏం అక్కర్లేదు. గోడ నా తలెత్తుకి ఎందుకండీ? నేను తలతో తడుముకోను కదా."

అలా పుట్టింది మా పిట్టగోడ. ఆయన గది గుమ్మం దగ్గర మొదలై, హాలు మధ్యలోంచి, పెరటి తలుపు దాకా నడుమెత్తున వెళ్ళే గోడ. పైనంతా ఖాళీ, వెలుతురు దాని దారిన అది పోవచ్చు. తోటలో వెదురు గెడలు నడుమెత్తున కట్టి మళ్ళీ నడిపించేం. ఈసారి ఆగలేదు. వంటింటి దగ్గర తిరిగే చోట మాత్రం, "ఈ మూల నా పొట్టలో దిగుతోందండీ. గుండ్రంగా తిప్పలేరూ?" అన్నారు. వెతికితే, గోడని వంచే పనిముట్టు కూడా ఆ సాఫ్ట్‌వేర్లో ఉంది. కప్పుల మీద మంచు పడే ఏ దేశంలోనో కూర్చుని ఎవరో ఆ పనిముట్టు తయారుచేసేరు. ఎందుకు చేసేరో వాళ్ళకి తెలిసే ఉంటుంది. ఇందుకూ పనికొచ్చిందని మాత్రం వాళ్ళకి తెలీదు.

"ఇంటి లోపల పిట్టగోడ నేనెక్కడా కట్టలేదండీ. ఎవరైనా పడిపోతారనా?" అని అడిగేరు మేస్త్రిగారు.

"తప్పిపోతారని" అన్నాను.

ఇల్లు కడుతున్నన్నాళ్ళూ వెనక వీధిలో ఒక అద్దె వాటాలో ఉన్నాం. తెలియని చోటు కాబట్టి ఆయన్ని చెయ్యి పట్టుకునే తిప్పేం. ఆయన హాస్యం ఆడటం మానేసేరు. చెయ్యి చాపి, మేం వచ్చేదాకా అలా కూర్చునేవారు. మా ఆవిడ రోజూ సాయంత్రం వెళ్ళి ఆ పిట్టగోడ ఎంత లేచిందో చూసి వచ్చేది.

గృహప్రవేశం అయింది. మేస్త్రిగారు ముచ్చటపడి పిట్టగోడ మీద నల్లటి గ్రానైటు పలక పరిచేరు. వెడల్పుగా, నున్నగా, అద్దంలా ఉంది. భోజనాలయ్యేక మావయ్యగారు గదిలోంచి వచ్చి, గోడ మీద చెయ్యి వేసి బయలుదేరేరు.

తెలుగువాళ్ళ ఇంట్లో నడుమెత్తున ఒక చదునైన జాగా ఉంటే ఏమవుతుందో సాఫ్ట్‌వేరుకి తెలీదు. నాకు తెలియాల్సింది. అప్పటికే దాని మీద చుట్టాలు కాఫీ గ్లాసులు, తాంబూలం సంచులు, చార్జింగు పెట్టిన సెల్‌ఫోన్లు, ఎవరిదో తడి తువ్వాలు, తినగా మిగిలిన పకోడీల పళ్ళెం పెట్టేసేరు. మావయ్యగారి చెయ్యి ముందు తువ్వాలు మీద పడింది. తరవాత ఒక గ్లాసు దొర్లింది. ఆ తరవాత ఆయన వేళ్ళు పకోడీల్లో దిగబడి ఆగిపోయేయి. హాలు నిండా జనం చూస్తున్నారు. ఎవరో చుట్టపాయన గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

మావయ్యగారు ఆ చెయ్యి మెల్లిగా విడిపించుకున్నారు. ఒక పకోడీ తీసి నోట్లో వేసుకున్నారు.

"ఏవండీ అల్లుడుగారూ, నా గట్టు మీద తీర్థం జరుగుతోందా? ముందే చెప్తే మర్నాడు బయలుదేరేవాణ్ణి కదా."

అందరూ నవ్వేరు. ఆయన వెనక్కి తిరిగి, గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. మా ఆవిడ నవ్వలేదు. గ్లాసులన్నీ తీసేసింది, తీసినచోట ఇంకెవరో ఇంకోటి పెట్టేరు.

మర్నాడు మేస్త్రిగారిని పిలిచి గ్రానైటు తీయించేం. ఆయన మనసు కష్టపెట్టుకున్నారు. కానీ సంగతి విని, ఇంకేమీ అడక్కుండా, గోడ పైభాగాన్ని గుమ్మడికాయ వీపులా గుండ్రంగా మెత్తించి, చివరికి తానే ఒక గ్లాసు పెట్టి చూసేరు. జారి ఆయన చేతుల్లోనే పడింది. "ఇంక ఈ గోడ మీద ఈగ కూడా నిలబడదండీ" అన్నారు తృప్తిగా.

అది ఆరేదాకా ఆగి, చుట్టాలందరూ వెళ్ళిపోయేక, ఒక పొద్దున్న మావయ్యగారు గదిలోంచి బయటికి వచ్చేరు. భుజాన తువ్వాలు, చేతిలో పళ్ళపొడి డబ్బా. గోడ మీద అరచెయ్యి ఆనించేరు, నడిచేరు. వంటింటి దగ్గర వంపులో చెయ్యి దానంతట అదే తిరిగింది. వంటింట్లో మా ఆవిడ గరిట ఆపేసి, వెలుతుర్లో నిలబడి చూస్తోంది. నేను చెప్పులు లేకుండా, చప్పుడు లేకుండా, రెండు బారల దూరంలో ఆయన వెనకే నడుస్తున్నాను.

ఆయన ఆగలేదు, తిరగలేదు.

"అల్లుడుగారూ, నా వెనక నడవడానికేనా కాలేజీకి సెలవు పెట్టేరు? మీ పిల్లలకి పాఠం ఎవరు చెప్తారు?"

నేను నిలబడిపోయేను. కాసేపటికి పెరటి తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది. గదిలోకి వెళ్ళి, చొక్కా తొడుక్కుని, అమలాపురం బస్సెక్కేను.