ఒళ్లో నేతి డబ్బా

మా ఆడపడుచు బతుకంతా హాస్టల్లో వంట చేసింది. దించే ముందు గరిటెడు నెయ్యి పడందే ఆమె కూర పొయ్యి దిగదు. అలాంటి మనిషిని, పాలూ నెయ్యీ కూడా ముట్టని వీగన్ల మేళాలో వండమని విదేశంలో ఉన్న కూతురు పిలిపించింది. తోడుగా నేనూ వెళ్లాను. నేను లేకుండా వీళ్లకు ఏ పని జరిగింది గనక!

మైదానం నిండా గుడారాలు. మేనకోడలు కొట్టు పెట్టడం అదే మొదలు. మాట వస్తే మళ్లీ రానివ్వరని దాని బెంగ.

శనగల కూర ఉడికింది, జనం వరుస కట్టారు. మా ఆడపడుచు గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"ఎవరికీ పెట్టకే అమ్మాయీ! నెయ్యి వేసేశాను."

"ఇక్కడ నెయ్యెక్కడిదమ్మా?"

"మనం తినడానికని సంచిలో తెచ్చుకున్నా. చెయ్యి దానంతటదే పోయింది."

పిల్ల మొహం మాడిపోయింది.

"వాళ్లకేం తెలుస్తుందిలే, వడ్డించెయ్," అన్నాను.

"వాళ్లకు తెలియకపోయినా, పెట్టేదాన్ని నాకు తెలుసుగా వదినా!"

మేనకోడలు వెళ్లి వరుసలో వాళ్లకు ఉన్నమాట చెప్పింది. కొందరు పోయారు, చాలామంది ఆగారు. ఆడపడుచు వేరే గిన్నె పెట్టి, నేతి డబ్బా నా ఒళ్లో పడేసింది.

"నేనడిగినా ఇవ్వకు."

కూర దించే వేళకు చెయ్యి చాచనే చాచింది. డబ్బా మీద కొంగు కప్పి, "పోవే," అన్నాను.

ఆ గిన్నె అడుగుదాకా ఖాళీ అయింది. సాయంత్రం ఇంట్లో మేం మొదటి కూర తిన్నాం. పైన ఇంకో చెంచా నెయ్యి నేనే వేశాను.