మైకమ్మ గొంతు పోయిన కథ

బస్టాండులో అందరూ ఆవిడని మైకమ్మ అనేవారు. ఎంక్వయిరీ కిటికీ పక్కన ముందంతా అద్దం ఉన్న ఇరుకు గది ఆవిడది. అందులో ఒక కుర్చీ, ఒక మైకు, గాలి కన్నా చప్పుడెక్కువ చేసే ఫ్యాను. ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో, ఎక్కడ ఆగి ఉందో చెప్పడమే ఆవిడ పని. ఆ గొంతు వింటే బెంచీ మీద గురకపెడుతున్నవాడు కూడా ఉలిక్కిపడి సంచి వెతుక్కునేవాడు. మనిషిని చూస్తే మాత్రం గాలేస్తే ఎగిరిపోయేటట్టు ఉండేది. "ఇంత మనిషివి, అంత గొంతు ఎక్కడ దాచావమ్మా?" అని డ్రైవర్లు ఆటపట్టించేవారు.

ఇంట్లో ఆ గొంతుకి పనిలేదు. ఇంట్లో మాట్లాడేది అక్క.

తల్లి పోయేనాటికి మైకమ్మకి ఐదేళ్లు. అక్క అప్పుడే చదువు ముగించింది. తండ్రి అంతకుముందే ఇల్లు వదిలి ఎటో వెళ్లిపోయాడు. చెల్లెల్ని చంకనేసుకుని అక్క బట్టల మిల్లులో పనికి చేరింది. ఒకసారి మంచి సంబంధం వచ్చింది. చిన్నదాన్ని హాస్టల్లో వేస్తే చేసుకుంటామన్నారు. "అయితే వద్దు" అంది అక్క. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తకపోయినా చెల్లెలు మర్చిపోలేదు.

నలభై దాటినా అక్కకి ఆవిడ పాపాయే. పాపాయి ఎన్నింటికి పడుకోవాలో, ఎవరితో స్నేహం చేయాలో అక్కే చెప్పేది. కాస్త ఆలస్యమైతే వీధి మొగలో నిలబడి ఉండేది. తిట్టేది కాదు. తిడితే ఎదురు చెప్పొచ్చు. "ఏమయ్యావోనని గుండె దడ వచ్చేసింది పాపాయీ" అనేది. గుండె దడకి ఎవరు మాత్రం ఏం ఎదురు చెప్తారు?

ఆ ఎండాకాలం మేనేజరు మైకమ్మని గదికి పిలిచాడు. పెద్ద ఊళ్లో కొత్త బస్టాండు తెరుస్తున్నారట, మైకు దగ్గర కూర్చునేవాళ్లందరికీ పని నేర్పే మనిషి కావాలట. "నీ పేరు చెప్పాను. ఉండడానికి క్వార్టరు కూడా ఇస్తారు. దసరాలోపు ఏ సంగతీ చెప్పు" అన్నాడు.

ఆ సాయంత్రం చెబుదామని మైకమ్మ నోరు తెరిచింది. అక్క ఆవిడ యూనిఫారం ఒళ్లో పెట్టుకుని బొత్తం కుడుతోంది. "ఇది ఊడిపోతున్నా చూసుకోవు. నేను లేకపోతే ఏమైపోతావే నువ్వు?" అంది. మైకమ్మ నోరు మూసుకుంది. మర్నాడూ అంతే. చెప్పాలనుకున్నప్పుడల్లా గుటక పడేది కాదు.

అలా రోజులు గడుస్తుండగా ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ ఒక చిన్నపిల్లని ఎత్తుకొచ్చాడు. వాళ్లక్కతో వచ్చి జనంలో తప్పిపోయింది. మైకమ్మ మైకు అందుకుంది. "ఎర్రగౌను పాప ఎంక్వయిరీ దగ్గర ఉంది. పాప వాళ్ల అక్క ఎక్కడున్నా వెంటనే రావాలి" అని చెప్పాలి. కానీ ఆవిడ నోట వచ్చింది వేరు. "పాప వాళ్ల అక్క ఎక్కడున్నా వెంటనే పోవాలి!"

బస్టాండంతా మోగింది. జనం గొల్లుమన్నారు. 'పోవాలి' అంటే ఎన్ని అర్థాలో తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు కదా. పిల్ల బావురుమంది. తప్పు దిద్దుకుందామని మైకమ్మ మళ్లీ మైకు దగ్గరికి వంగింది. పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

గొంతు డాక్టరు దీపం వేసి చూశాడు, దగ్గమన్నాడు. ఆవిడ ఖంగుమని దగ్గింది. "దగ్గుకి వచ్చే శబ్దం మాటకి రావడం లేదంటే లోపం గొంతులో లేదు" అని మనసు డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు.

"మా పాపాయికి పిచ్చేమిటండీ!" అని అక్క అక్కడే గొడవపడింది.

మనసు డాక్టరు పెద్ద వయసు మనిషి. మందుల షాపు పైన మేడగదిలో కూర్చునేది. మొదటిరోజు ఆవిడ ఏమడిగినా అక్కే జవాబు చెప్పింది.

"చెల్లెల్ని చెప్పనివ్వండి" అంది డాక్టరమ్మ.

"దానికి గొంతు లేదుగా. నేనేగా చెప్పాలి?"

"ఉన్నప్పుడు ఎవరు చెప్పేవారు?"

 డాక్టరమ్మ అక్కని మెల్లగా బయట బెంచీ మీదికి పంపించి తలుపు వేసింది.

"నోటికి ఏదొస్తే అది చెప్పు. వరస అక్కర్లేదు, సిగ్గు అక్కర్లేదు. గుసగుసగా చెప్పినా వింటాను" అంది.

చాలా వారాలు మైకమ్మ ఒకటే పాట. "మా అక్క దేవతండీ."

"దేవతతో ఒకే ఇంట్లో ఉండడం కష్టమే" అంది డాక్టరమ్మ ఒకరోజు. మైకమ్మకి ఫక్కున నవ్వొచ్చింది. వెంటనే తప్పు చేసినదానిలా బెదురుతూ తలుపు వైపు చూసింది.

డాక్టరమ్మ ఆ చూపు పట్టుకుంది. "చూశావా, ఎవరూ ఏమీ అనకుండానే భయపడ్డావు. మనకి తెలిసే మనసు కాస్తంతే. తెలియని మనసే ఎక్కువ. అందులో ఒకటుంటుంది, దానికి 'కావాలి' అనడం తప్ప ఇంకేమీ తెలీదు. ఆకలి, కోపం, కోరిక, అన్నీ దానివే. ఇంకొకటుంటుంది. చిన్నప్పుడు పెద్దవాళ్లన్న 'ఛీ', 'తప్పు' అన్నీ పోగుచేసుకుని లోపలే తిష్ట వేసిన పెద్దరికం అది. చేసిన తప్పుకే కాదు, అనుకున్న తప్పుకి కూడా శిక్ష వేస్తుంది. ఈ రెండింటి మధ్యా నలుగుతూ, బయటివాళ్లకి జవాబు చెప్పుకుంటూ బతికేదాన్నే మనం 'నేను' అంటాం."

"అడకత్తెరలో పోకచెక్క" అని గుసగుసలాడింది మైకమ్మ.

"అదే. పాపం, అదేం చేస్తుంది? భరించలేని కోరికని అడుక్కి తొక్కేస్తుంది. తొక్కితే చావదుగా! కలలోకి వస్తుంది, నోరు జారినప్పుడు బయటపడుతుంది, లేదంటే ఒంటి మీద పడుతుంది. వెళ్లిపోవాలని ఒకటి, వెళ్తే పాపమని ఒకటి, రెండూ నీ గొంతులో కొట్టుకున్నాయి. మాటే లేకపోతే తప్పుమాట రాదని నీ గొంతు మూసేసుకున్నావు. నీకు తెలియకుండానే."

మైకమ్మకి ఒళ్లు మండింది. నేను కావాలని నటిస్తున్నానా అనుకుంది. ఆ తర్వాతి వారం వెళ్లడమే మర్చిపోయింది. ఆ పై వారం ఊళ్లో బస్సులన్నీ కంఠతా వచ్చిన మనిషి తప్పుబస్సెక్కింది. డాక్టరమ్మ ఏమీ అనలేదు. "ఈమధ్య కలలేమైనా వచ్చాయా?" అని మాత్రం అడిగింది.

వచ్చింది. కలలో తన అద్దాల గదిలోనే ఉంది. తలుపుకి గడియ లేదు, పిడి లేదు. బయట ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. అక్కే అనుకుంది. అద్దానికి మొహం ఆనించి చూస్తే అక్క కాదు, అమ్మ.

"అమ్మ చేతిలో ఏముంది?"

"సంచి." మైకమ్మ ఆగింది. "ఆసుపత్రికి తీసుకెళ్లిన సంచి."

ఆపరేషన్ కోసం తల్లి బయల్దేరిన రోజు అప్పుడు గుర్తొచ్చింది. నేనూ వస్తానని పిల్ల గుమ్మం మీద పొర్లి ఏడ్చింది. తల్లి వద్దంది. పిల్లకి కోపమొచ్చింది. "పో! మళ్లీ రాకు!" అని అరిచింది. తల్లి నవ్వుకుంటూ వెళ్లింది. మళ్లీ రాలేదు. ఆ మాట ఎవరూ వినలేదు, పిల్ల ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకి తనకి కూడా గుర్తులేదు.

"ఐదేళ్ల పిల్ల కోప్పడితే మనుషులు చావరు" అంది డాక్టరమ్మ.

"తెలుసండీ."

"నీకు తెలుసు. ఆ పిల్లకి ఎవరు చెప్పారు?"

మైకమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. బయట బెంచీ మీద అక్కకి ఆ ఏడుపు వినపడింది. గొంతు మాత్రం ఆరోజు రాలేదు.

దసరా దగ్గరపడింది. గొంతు ఇవాళ కాకపోతే రేపొస్తుందన్న నమ్మకంతో మేనేజరు జవాబు కోసం ఇంటికే వచ్చి, విషయమంతా అక్క ముందు పెట్టేసి వెళ్లాడు. అక్క గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

"ఇంత మాట నా దగ్గర దాచావా? వెళ్లు. నాదేముంది, ఒక మూల పడి ఉంటాను. పోతే కబురు వస్తుందిలే" అంది.

"అక్కా, ఆ మాట అనకు!"

బస్టాండు గొంతు. ఆ చిన్న వంటగదిలో పట్టలేదు. అక్క చేతిలో గిన్నె జారిపోయింది.

"నీకు దండం పెడతా, ఆ మాట అనకు. నాకు నీ మీద కోపం. నువ్వంటే ప్రాణమే, అయినా కోపమే. ఎన్నేళ్లుగానో."  ఇప్పుడు అక్క కుప్పకూలుతుందేమోనని మైకమ్మ చూసింది.

అక్క కూలలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు మాత్రం లేదనుకున్నావా?" అంది నేల చూస్తూ. "మిల్లు నుంచి వచ్చి, ఒళ్లు కాలిపోతున్న నీ పక్కన కూర్చుని, ఇది లేకపోతే నాకూ ఓ ఇల్లుండేది కదా అనుకున్న రోజులున్నాయి. అలా అనుకున్నందుకు నన్ను నేనే ఛీ అనుకునేదాన్ని. నేను అనుకున్నట్టే నీకేదైనా అయిపోతుందేమోనని భయం. అందుకేనే ఆ వీధి మొగలో నిలబడేది."

 చెల్లెలి మొహం చూడకుండానే అక్క లేచి పొయ్యి వెలిగించింది.

ఇదంతా విని కథ సుఖాంతమనుకుంటారేమో. పెద్ద ఊరి ఉద్యోగానికి మైకమ్మ ఊ అనలేకపోయింది. మాట వచ్చింది గానీ ఆ ఒక్క మాట రాలేదు. గడువు దాటిపోయింది, వేరేవాళ్లని తీసుకున్నారు. "నాకు నయమైనట్టేనా?" అని ఆవిడ డాక్టరమ్మని అడిగింది. "గొంతుకి నయమైంది. మిగతాదానికి టైము పడుతుంది" అంది డాక్టరమ్మ, ఓదార్చకుండా.

మళ్లీ అదే అద్దాల గది, అదే ఫ్యాను. ఏడాది తిరిగాక మైకమ్మ రెండు వీధుల అవతల ఒక గది అద్దెకి తీసుకుంది. ఇంట్లో నెల్లాళ్లు యుద్ధం నడిచాక గానీ అది కుదరలేదు. అక్క వచ్చి కుళాయి తిప్పి చూసింది, కిటికీ ఊపి చూసింది. వెళ్తూ వెళ్తూ గూట్లో ఉన్న రెండో తాళంచెవి తీసి తన సంచిలో వేసుకుంది. మైకమ్మ చూసింది. ఇవ్వమని అడుగుదామనుకుంది.

ఇంకా అడగలేదు. కోపం వస్తోందని మాత్రం ఇప్పుడు తనకి తెలుస్తోంది. సెలవురోజుల్లో అక్క తలుపు తట్టకుండానే తాళం తీసుకుని లోపలికి వస్తుంది.