వాకిట్లో పిలిచి చూసిన పేర్లు

మా ఇంటి కింది భాగంలో అద్దెకుంటున్న అమ్మాయికి ఇది ఎనిమిదో నెల. మొన్న సాయంత్రం ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, "ఆంటీ, మీరు టీచరు గదా, ఈ పేరుకు అర్థమేందో సూసి చెప్పండి" అని ఫోను నా చేతిలో పెట్టింది. లెక్కల టీచర్నమ్మా అన్నా ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళకు అన్నీ తెలుస్తాయని ఆమె నమ్మకం. ఫోనులో పేర్ల జాబితా వేలితో తోసేకొద్దీ వస్తూనే ఉంది. నక్షత్రం సంగతి తర్వాతట, ఆడబిడ్డయితే ఒకటి, మగబిడ్డయితే ఒకటి ఇప్పుడే తేల్చి పెట్టుకోవాలట. రెండూ సంస్కృతం పేర్లే, రెండూ దేవుడి గుణాన్ని చెప్పేవే. అర్థం చెప్పి, పాత అలవాటు కొద్దీ, "గేటు దగ్గర నిలబడి ఒకసారి పిలిచి చూడు" అనేశాను. ఆ అమ్మాయి పడిపడి నవ్వింది. "ఇంకా పుట్టనే లేదు గదాంటీ, ఎవుర్ని పిలిసేది?" అని కిందికి వెళ్ళిపోయింది. నేను ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను. కుప్పంలో ఈ ఇంట్లో నాతో ఎవరైనా నవ్వి చాలా రోజులైందన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

తొంభైల మొదట్లో నన్ను పుంగనూరులో ఒక బడికి లెక్కల టీచరుగా వేశారు. వేరే ఇల్లు వెతుక్కునే పని లేకుండా మా పెద్దనాన్న ఇల్లు అక్కడే ఉంది. మా నాన్నకు అన్న. మదనపల్లెలో సంస్కృతం చెప్పి, ఉద్యోగం అయిపోయాక పుంగనూరు చేరి, పెద్దమ్మతో పాటు ఒక పెంకుటింట్లో ఉండేవాడు. పిల్లలు లేరు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పెళ్ళి మాటలు ఒక్కొక్కటే వచ్చి తప్పిపోతున్న కాలం. ఎవరూ పనిగట్టుకుని తప్పించలేదు, ఎవరూ పనిగట్టుకుని కుదర్చనూ లేదు. ఆ ఇంట్లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. బయట నన్ను అందరూ టీచరమ్మా అనేవాళ్ళు, మా సొంత ఇంట్లో పాపా అనేవాళ్ళు. పెద్దనాన్న, పెద్దమ్మ మాత్రం నా పేరును ఒక్క అక్షరం మింగకుండా పూర్తిగా పిలిచేవాళ్ళు. పెట్టింది ఆయనే కాబట్టి ఆ మాత్రం మర్యాద దక్కింది అనుకునేదాన్ని.

నా పేరు ఒక్కటే కాదు, ఆ ఏళ్ళలో ఆ చుట్టుపక్కల పుట్టిన పిల్లల్లో సగం మంది పేర్లు ఆ ఇంట్లోంచి పోయినవే. సోమల నుంచి, సదుం నుంచి, ఒక్కోసారి కలకడ నుంచి కూడా, పురుడు వెళ్ళిన తర్వాత బిడ్డను పాత చీర మెత్తలో చుట్టుకుని, వెంట అవ్వనో అత్తనో పెట్టుకుని వచ్చేవాళ్ళు. పెద్దనాన్న దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉండేది. నక్షత్రానికి ఒక పుట, పాదానికి ఒక అక్షరం, దాని కింద పేర్లు, పేరు పక్కన అర్థం. హస్త మూడో పాదంలో పుట్టిన బిడ్డలు ఆయనకు పెద్ద తలనొప్పి. శాస్త్రం ప్రకారం వాళ్ళ పేరు 'ణ'తో మొదలు కావాలి. పంచాంగం రాసినాయన ఇంట్లో ఆ పాదంలో ఒక్క బిడ్డయినా పుట్టి ఉంటే ఆ అక్షరం పెట్టి ఉండడని సణుక్కుని, ఆ నక్షత్రపు దేవత పేరు ఇచ్చి పంపేవాడు. తండ్రులతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. తల్లినే అడిగేవాడు. బిడ్డ ఎట్లుండాలమ్మా అంటే అందరూ చదువే చెబుతారని, "నీకు దేనికి బయమమ్మా?" అని అడిగేవాడు. ఒకామె ఉరుములంటుంది. ఒకామె అత్త వైపు ఓరగా చూసి ఊరుకుంటుంది. సదుం నుంచి వచ్చిన ఒకామె మాత్రం, "ఒంటిగా ఉండాలంటే బయం సామీ" అంది. ఆ బిడ్డకు మైత్రి అని పేరు పెట్టాడు.

పేరు కుదిరాక అసలు తతంగం మొదలయ్యేది. బిడ్డను లోపల అవ్వ ఒళ్ళో ఉంచి, తల్లిని వాకిట్లోకి పంపి, గేటు దగ్గర నిలబడి ఆ పేరు గట్టిగా పిలవమనేవాడు. వీధిలో ఆడుకునే బిడ్డను అన్నానికి పిలిచినట్టు పిలవాలి. "పేరంటే రాసుకునేదానికి గాదమ్మా, పిలిసేదానికి. పొయ్యికాడుండి పిలిస్తే వీదిలో బిడ్డకు వినబడల్ల" అనేవాడు. జ్యోత్స్న లాంటి పేర్లు ఈ పరీక్షలో ఒక్కటీ నిలబడేవి కాదు. సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు కొందరు, ఇటు పిలవమంటే అటు ఊరి చివర దాకా వినిపించేట్టు పిలిచేవాళ్ళు కొందరు. ఎదురింటివాళ్ళకు ఇది రోజూ వేడుక. ముసలివాళ్ళు మాత్రం గొడవపడేవాళ్ళు. పేరు పెట్టే దినం రాకముందే బిడ్డను పేరుతో పిలవకూడదని వాళ్ళ ఇళ్ళలో కట్టుబాటు. పెద్దనాన్న దేనికైనా వాళ్ళతో సర్దుకుపోయేవాడు గానీ ఇక్కడ ఒక్కచోట మొండికేసేవాడు. "ఆ పాపం నాకుండనీ తల్లీ. నువ్వు పిలు" అనేవాడు. పండితుడై ఉండి కట్టుబాటు తప్పిస్తాడేమిటని నాకూ వింతగానే ఉండేది.

పెద్దమ్మ ఈ సందడిలో ఎప్పుడూ కనిపించేది కాదు. వంటింటి గడప దాటకుండా చెవి మాత్రం ఇటే పెట్టి ఉండేది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక మెల్లగా నన్ను అడిగేది. "ఆయమ్మ పిలిసినప్పుడు బిడ్డ కదిలినాదా?" రోజూ అదే ప్రశ్న. కదిలింది అంటే ఊ అని పని చూసుకునేది, లేదంటే "నిద్దర్లో ఉంటాదిలే" అని ఆ బిడ్డ తరఫున తనే సర్దిచెప్పేది. పేరు పెట్టే వేడుకలకు పెద్దనాన్నకు పిలుపు వచ్చేది, ఆమెకు వచ్చేది కాదు. పిల్లలు లేని ఆమెను ఉయ్యాల దగ్గరికి పిలవడానికి జనం జంకేవాళ్ళు. నోటితో ఎవరూ అనలేదు. అనకపోవడమే మర్యాద అనుకున్నారు. ఆమె రాని చోటికి ఆయనా వెళ్ళేవాడు కాదు. ఊరి నిండా ఆ ఇంటి పేర్లు పరిగెత్తేవి, ఆ ఇంట్లో మాత్రం మధ్యాహ్నం రెండు దాటితే గోడ గడియారం తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

తొంభైల మధ్యలో పెద్దనాన్నకు మదనపల్లెలో కంటి ఆపరేషను అయింది. నెల రోజులు పచ్చటి గుడ్డ కంటికి వేలాడేసుకుని వరండాలో కూర్చుని, నన్ను నోటుబుక్కు చదవమనేవాడు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం సోమల నుంచి ఒక జంట బిడ్డతో వచ్చింది. ఆ బిడ్డ నక్షత్రం పుట తీశాను. పేర్లన్నిటికీ పైన ఒక పేరు ఉంది, చుట్టూ నాలుగు గీతలతో గడి కట్టి. లెక్కల టీచర్ని కదా, గడి కట్టిన దాన్ని చూస్తే అదే జవాబు అనుకోవడం నాకు అలవాటు. పిల్లలకు నేను నేర్పేదీ అదే. ఎన్ని అంకెలు వేసినా చివరికి తేలిన దాని చుట్టూ గడి కట్టండి అంటాను. అన్నిటికంటే మంచిదని పెద్దనాన్న గుర్తు పెట్టుకున్నాడు కాబోలు అనుకుని, వరసలో మిగతావి వదిలి ఆ పేరే పైకి చదివాను. బిడ్డ తల్లి మొహం విప్పారింది. భలే ఉండాదే అంటూ పిలిచి చూడడానికి తనంతట తనే లేచింది.

"అది గాదు" అన్నాడు పెద్దనాన్న. "అది ఇచ్చేసినాను. కిందిది సదువు." కింది పేరు చదివాను. ఆ తల్లి కాస్త చిన్నబుచ్చుకుని, ఆ పేరే వాకిట్లో పిలిచి, ఒప్పుకుని వెళ్ళిపోయింది. పెద్దనాన్న ఆ రోజు ఇంకెవరికీ పేరు చెప్పలేదు. వంటింట్లో పెద్దమ్మ కూరగాయలు ముందేసుకుని, కత్తిపీట మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. బిడ్డ కదిలినాదా అని అడగలేదు. ఆ ప్రశ్న రాని రోజు అదొక్కటే.

సాయంత్రం మల్లెలు కోస్తూ ఆమే చెప్పింది. మదనపల్లెలో ఉన్నప్పుడు వాళ్ళకొక ఆడబిడ్డ పుట్టిందట. మా ఇంట్లో ఎవరూ ఈ మాట నా చెవిన వేయలేదు. "ఇరవై ఒకటో దినం పేరు పెట్టల్లని మీ పెద్దనాయన రాసి పెట్టుకోనుండె. అంతవరకూ పేరు నోట పలకగూడదని మా అత్త కట్టడి. బుక్కులో సూసినాను. ఎన్నిమార్లో నాలిక దాకా వచ్చె. పలకలా. పద్దెనిమిదో దినం బిడ్డ పాయ." కాసేపు పూలు కోసింది. "ఒక్కసారన్నా పిలిసింటే, తన పేరు తాను ఇనింటాది గదా." ఇన్నేళ్ళుగా ఊళ్ళో తల్లులందరినీ గేటు దగ్గర నిలబెట్టి ముందుగానే ఎందుకు పిలిపిస్తున్నాడో, వంటింట్లోంచి ఆమె ఏం వింటున్నదో నాకు అప్పటికి తెలిసింది. తెలిశాక, గడి కట్టిన ఆ పేరును నా గొంతుతో ఆ ఇంట్లో చదివినందుకు చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు.

రానురాను జనం తగ్గారు. బస్టాండులో పేర్ల పుస్తకాలు అమ్మకానికొచ్చాయి. మదనపల్లెలో కంప్యూటరు పెట్టుకుని ఒకాయన పుట్టిన తేదీ అడిగి కాగితం చేతికిచ్చేవాడు, అందులో పేరుకు ఇంగ్లీషు అక్షరం ఒకటి అదనంగా తగిలించి. పెద్దనాన్న పొద్దున్నే స్నానం చేసి, నోటుబుక్కు పక్కన పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. గేటు చప్పుడైతే తలెత్తేవాడు, పాలవాడై ఉండేవాడు. రెండువేల సంవత్సరం దాటాక ఒక చలికాలం పోయాడు. ఆయన పేర్లు పెట్టిన వాళ్ళలో వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, తమకు పేరు పెట్టిందెవరో ఎవరు గుర్తుంచుకుంటారు. కానీ ఆ రోజు నాకు అందరి మీదా కోపం వచ్చింది.

నాకు కుప్పం బదిలీ అయితే పెద్దమ్మ నాతో వచ్చేసింది. తన పెట్టెలో నోటుబుక్కు కూడా తెచ్చుకుంది. మేమున్న ఇంటి పక్క భాగంలో ఒక నర్సమ్మ ఉండేది, వాళ్ళు క్రైస్తవులు. భర్తకు బెంగుళూరులో పని, వారానికోసారి రైల్లో వచ్చేవాడు. ఆమెకు ఆడబిడ్డ పుడితే కనిపెట్టుకుని ఉండడానికి తన వాళ్ళెవరూ దగ్గర లేరు. అందుకని బిడ్డకు స్నానం చేయించేది, కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసేది మా పెద్దమ్మే. మొదటిసారి బిడ్డను చేతికిచ్చినప్పుడు పెద్దమ్మ వెనక్కి తగ్గి, "నేను తీసుకుంటే మీకేం లేదా అమ్మా?" అని అడిగింది. "ఏముంటాదమ్మా, పట్టుకోండి, నాకు డ్యూటీకి టైమవుతాండాది" అంది నర్సమ్మ. ఆ మాట అంత సులువుగా అనే మనిషి కోసం ఆమె నలభై ఏళ్ళు ఎదురుచూసింది.

ఒక రోజు నర్సమ్మే అడిగింది. "చర్చిలో పెట్టే పేరు ఉండాదమ్మా. ఇంట్లో పిలిసేదానికి దేవుడి గుణం వచ్చేట్టు మంచి పేరొకటి మీరు చెప్పండి." పెద్దమ్మ లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. ఏ పుట తీస్తుందో నాకు తెలుసు. నక్షత్రం అడగలేదు. వేలితో గడి మీద చూపించింది. నేను ఆమె వైపు చూస్తే, "మీ పెద్దనాయన ఎవురికీ ఇయ్యలా. నేనూ ఇయ్యకుంటే ఇది నాతోనే పోతాది" అంది. ఆ పేరు ఇక్కడ రాయను. ఇచ్చేసిన పేరు అది.

పిలిచి చూడాలని చెబితే నర్సమ్మకు నవ్వొచ్చింది గానీ కాదనలేదు. "మొదట మీరే పిలవండమ్మా, మీరిచ్చిన పేరు గదా" అంది. పెద్దమ్మ చెప్పులు లేకుండా గేటు దాకా నడిచింది. కమ్మీ పట్టుకుని నిలబడింది. మొదటిసారి పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. రెండోసారి పిలిచింది. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. ఎదురు వరసలో ఎవరో తలుపు తీసి చూశారు. ఆమె కాసేపు అక్కడే, జవాబు కోసం ఆగినట్టు ఆగింది. తర్వాత తిరిగి వచ్చి, నర్సమ్మను కాదు, నన్ను అడిగింది.

"కదిలినాదా?"

బిడ్డ నా ఒళ్ళో పాలు తాగి ఒళ్ళెరక్కుండా నిద్రపోతూ ఉంది. "కదిలింది పెద్దమ్మా" అన్నాను. జీవితంలో నేను తప్పని తెలిసే గడి కట్టిన జవాబు అదొక్కటే. "కదుల్తాది" అని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

తర్వాత నర్సమ్మ వాళ్ళు బెంగుళూరు వెళ్ళిపోయారు. మరి రెండేళ్ళకు పెద్దమ్మ పోయింది. నేను ఉద్యోగం అయిపోయినా కుప్పంలోనే ఉండిపోయాను, ఎక్కడికి వెళ్ళాలో తెలియక. మేడమ్ అనేవాళ్ళు ఉన్నారు, టీచరమ్మా, ఆంటీ అనేవాళ్ళు ఉన్నారు. బ్యాంకులో, ఆసుపత్రిలో నా పేరు చదువుతారు. చదవడం వేరు.

నిన్న సాయంత్రం కింద గేటు దగ్గర ఏదో గొంతు వినిపించి బాల్కనీలోకి వెళ్ళాను. ఎవరూ లేరనుకుని ఆ అమ్మాయి రెండు పేర్లనూ మార్చి మార్చి పిలుచుకుంటూ ఉంది. నన్ను చూసి నాలుక కరుచుకుంది. "రెండూ బాగానే ఉండాయాంటీ" అని, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి, "మూడేండ్ల నుంచి ఉండాము, మీ పేరేందో నాకు తెలీనే తెలీదు" అంది. చెప్పాను. "ఉండండి, దీన్ని గూడా సూద్దాం" అని నవ్వుతూ గేటు దగ్గర నిలబడి, ఒక్క అక్షరం మింగకుండా, గట్టిగా పిలిచింది. "ఆ, వస్తున్నా" అన్నాను, ఎక్కడికో ఆలోచించకుండానే. ఆ అమ్మాయి పొయ్యి మీద అన్నం ఉందని లోపలికి పరుగెత్తింది. నన్ను అట్లా పిలిచే ఇద్దరూ పోయి ఇన్నేళ్ళయింది. అయినా పలకడం మాత్రం మరిచిపోలేదు.