మావయ్యగారు ఒప్పుకోని బెల్టు

స్కూలు బస్సులో పిల్లలకి సీటు బెల్టులు ఉండాలా వద్దా అన్న గొడవ మా ఇంట్లో వారం రోజులు నడిచింది. ఒక పక్క నేను, ఇంకో పక్క మా మావయ్యగారు. మధ్యలో ఊడిన పన్నుతో నవ్వుతూ ఏడేళ్ళ మా అమ్మాయి.

ఆ పన్ను దానంతటది ఊడలేదు. మంగినపూడి దగ్గర మా ఊరి నుంచి బందరులో బడికి వెళ్తుంటే గేదె అడ్డొచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. పిల్ల వెళ్ళి ముందు సీటు కడ్డీకి కొట్టుకుంది. పాలపన్ను కాబట్టి సరిపోయింది గానీ, ఆ రోజు నుంచి పిల్ల బస్సెక్కితే చాలు, నాకు భయం. బడివాళ్ళు బస్సుకి బెల్టులు బిగించి, తల్లిదండ్రులు సరేనంటేనే ఉంచుతామని మీటింగు పెట్టారు. నేను సంబరంగా బయల్దేరాను. మావయ్యగారు నా వెనకే వచ్చారు.

ఆయన నలభై ఏళ్ళు సముద్రం మీద వేటకి వెళ్ళిన మనిషి. మా ఊళ్ళో ఆయన మాటకి ఎదురుండదు.

"పడవకి వల కడతాం, లంగరు కడతాం. మనిషిని మాత్రం కట్టం. దారి పొడుగునా కాలవే కదండీ. బస్సు అందులో పడితే కట్టేసిన పిల్లలు ఎలా బయటికొస్తారు?" అన్నారు.

సగం మంది తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడో పడుతుందనుకునే కాలవ గురించి ఇంత భయపడేవాళ్ళకి, రోజూ పడే బ్రేకు గురించి చింత లేదా అని అందరి ముందే అడిగేశాను. కోడలు మావగారిని అలా నిలదీయడం మా ఊరికి కొత్త. ఆయన కోప్పడలేదు. అది మనిషిని ఎలా పట్టేస్తుందో చూపిస్తాను రమ్మని బస్సెక్కి బెల్టు పెట్టుకున్నారు.

పెట్టుకున్నారు గానీ తీసుకోలేకపోయారు. ఎంత చిక్కుపడిన వలనైనా విప్పగల ఆ చేతులు ముడి కోసం వెతికాయి. అక్కడ ముడి ఉంటేగా! లాగారు, మెలిపెట్టారు. చివరికి మా పిల్ల వెళ్ళి ఎర్ర మీట నొక్కింది. హెడ్ మేడమ్ గారు కూడా నవ్వాపుకోలేకపోయారు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

నవ్వులపాలయ్యాక ఆయన పట్టు ఇంకా బిగించారు. నీళ్ళలో కళ్ళు కనిపించవు కాబట్టి ప్రతి పిల్లా గంతలతో, ఒంటిచేత్తో బెల్టు తీయాలి, అప్పుడే సరేనంటానన్నారు. తన తువ్వాలునే గంతలు కట్టి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టారు. అందరూ టక్కున తీసేశారు. మా పిల్ల ఒక్కతే తడబడింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన అడిగింది న్యాయమేనని కూడా అప్పుడే అనిపించింది.

ఆ సాయంత్రమే ఆయన వీధి చివర ఆగి ఉండే అద్దె కారు డ్రైవరుని బతిమాలుకున్నారు. రోజూ మనవరాలిని వెనక సీట్లో కూర్చోబెట్టి, కళ్ళు కట్టి, బెల్టు పెట్టి "ఇప్పుడు తియ్యి" అనేవారు. నాలుగో రోజుకి పిల్ల ఒంటిచేత్తో, ఏ చేత్తో అంటే ఆ చేత్తో తీసేసింది. మర్నాడు ఆయనే బడికి వెళ్ళి సరేనన్నారు. ఆ తర్వాత ఊరంతా సరేనంది. నేను అంత గొంతు చించుకున్నా రాని సరే అది. నాకు కాస్త ఉక్రోషంగానే ఉండింది.

నెల తిరక్కుండానే ఒక సాయంత్రం పిల్ల మూతి ముడుచుకుని ఇంటికొచ్చింది. పొద్దున డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే తన క్యారేజీ ఎగిరి ముందుకి పడిందట. పప్పన్నమంతా బస్సులోనే పోయి, మధ్యాహ్నం స్నేహితురాలి అన్నం తినాల్సి వచ్చిందట.

మావయ్యగారు మంచం మీద నుంచి లేచి నిలబడ్డారు. "మరి నువ్వో?" అన్నారు.

"నేనెందుకు ఎగురుతాను తాతయ్యా, కట్టుకున్నాగా."

ఆయన దాని తల మీద చెయ్యి వేసి నిమిరారు. తర్వాత, పప్పు అంటుకుని ఎండిపోయిన ఆ క్యారేజీని నా చేతిలోంచి తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళారు. ఆయన గిన్నె కడగడం నేను చూడటం అదే మొదటిసారి.